గొట్టం వెనకాల ధమని

1823లో ఫ్రెంచివారు ఈ పుదుచ్చేరిలో పెట్టిన వైద్యపాఠశాలే 1964లో జిప్‌మర్ అయింది. అంత చరిత్ర ఉన్న ఊళ్లో ఈ ప్రసంగం మాత్రం పెన్సిల్ కన్నా సన్నని ఒక గొట్టం గురించి.

యానాం మనిషి కావచ్చు, విల్లియనూరు మనిషి కావచ్చు. కామెర్లకు ఆకు పసరు తాగి, ఒళ్లంతా దురదలతో చివరికి ఆస్పత్రికి వస్తాడు. రాయో కణితో పిత్తనాళాన్ని మూసేస్తే పసరు ఏం చేస్తుంది? కోత లేకుండా, ఎండోస్కోపు దారిన అక్కడ స్టెంట్ అనే ఈ గొట్టం పెట్టవచ్చని 1980 ప్రాంతంలో హాంబర్గ్‌లో నిబ్ సోహెంద్ర చూపించారు.

చిక్కేమిటంటే, కుడి కాలేయ ధమని సాధారణంగా ఆ నాళం వెనకనుంచే పోతుంది. స్టెంట్ రోజుల తరబడి ఒరుసుకుంటే ధమని గోడ దెబ్బతిని బుడగలా ఉబ్బవచ్చు. దాన్నే సూడో అన్యూరిజం అంటారు. అది నాళంలోకి పగిలితే రక్తం పేగులోకి దిగుతుంది. అరుదే, కానీ ప్రాణాంతకం. కత్తి దెబ్బ తిన్న ఒక యువకుడిలో ఇలాంటి రక్తస్రావాన్ని ఫ్రాన్సిస్ గ్లిసన్ 1654లోనే వర్ణించాడు. అప్పుడు శత్రువు కత్తి, ఇప్పుడు వైద్యుడి గొట్టం!

కుడి డొక్క పైన నొప్పి, కామెర్లు, రక్తస్రావం: ఈ రక్తస్రావానికి 1871లో క్వింకే అనే వైద్యుడు చెప్పిన మూడు గుర్తులివి. మూడూ ఒకేసారి కనబడేది కొందరిలోనే.

ఈ రోగిని ముందుగా చూసేది స్టెంట్ వేసిన పెద్ద డాక్టర్ కాదు, రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్. రోగి రక్తం మాటే ఎత్తడు. ‘తారులా నల్లగా విరేచనం అవుతోంది’ అంటాడు. ఐరన్ మాత్రల వల్లేనని పంపేయడం తేలిక. తొలి రక్తస్రావం గడ్డకట్టి తనంతట తానే ఆగవచ్చు. రెండోది అంత కనికరం చూపకపోవచ్చు.

రక్తం ఎక్కిస్తూ, నాడి నిలకడగా ఉంటే సీటీ యాంజియో తీస్తారు. తొడ ధమని నుంచి సన్నని కేథటర్ పంపి, బుడగకు అటూ ఇటూ కాయిల్స్ వేస్తారు. ఒకవైపే మూస్తే పక్కదారుల్లో రక్తం వెనక్కి వస్తుంది. కాలేయానికి చేరే రక్తంలో సుమారు నాలుగింట మూడు వంతులు పోర్టల్ సిరదే కాబట్టి, ధమని కొమ్మ మూసినా కాలేయం సాధారణంగా తట్టుకుంటుంది. ఆ సిరే మూసుకుపోయి ఉంటే, కుదిరినచోట ధమనిలోనే కవర్డ్ స్టెంట్ పెట్టి ప్రవాహాన్ని నిలుపుతారు.

పిత్తనాళంలోని పాత గొట్టాన్ని వెంటనే లాగేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. చిల్లుకు బిరడాలా ఆనుకుని ఉన్నది అదే కావచ్చు. అందుకే ముందు యాంజియో చేసే రేడియాలజిస్టుకు ఫోన్ వెళ్తుంది. ఎండోస్కోపు ఆ తర్వాత.