మంటను నిలువరించే బట్ట



చిత్తూరు సీమ నుంచి వచ్చే పొన్నై నది పాలారులో కలిసినట్లే, మనలో అనేకులు బతుకుతెరువు వెదుకుతూ ఈ ప్రాంతానికి వచ్చినవారే. గుడియాత్తం అగ్గిపెట్టెల పరిశ్రమలో, వెల్డింగు షెడ్లలో, ద్రావకాలు వాడే తోళ్ల కర్మాగారాలలో పని చేస్తున్నారు. ఈ పనులన్నిటా నిప్పు పొంచి ఉంటుంది. కనుక ఒంటిమీది పనిబట్టను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

భద్రతా సూచనలను తెనిగించే నాకు ‘ఫ్లేమ్ రెసిస్టెంట్’ అనే మాట చాలా చిక్కు తెచ్చిపెట్టింది. ‘నిప్పంటని బట్ట’ అంటే వినసొంపుగానే ఉంటుంది. కాని అది నిజం కాదు. మంట తగిలితే ఈ బట్ట కూడా మాడుతుంది. అయితే మంట తొలగగానే తానే ఆరిపోతుంది; కరిగి చర్మానికి అంటుకోదు. తప్పించుకొనేందుకు కొన్ని క్షణాల వ్యవధినిస్తుంది. అందుకే ‘మంటను నిలువరించే బట్ట’ అని వ్రాశాను.

ఇందులో రెండు రకాలున్నాయి. నోమెక్స్ వంటి అరామిడ్ నూలులో ఆ గుణం పుట్టుకతోనే ఉంటుంది. రెండవది రసాయన సంస్కారం పొందిన నూలుబట్ట. కొనేటప్పుడు లేబుల్ చూడండి. వేడికి, మంటకు ఐ.ఎస్. 15748 గాని ఐ.ఎస్.ఓ. 11612 గాని, వెల్డింగుకు ఐ.ఎస్.ఓ. 11611, స్థిర విద్యుత్తుకు ఇ.ఎన్. 1149-5 అనే గుర్తులుంటాయి. లోపల నూలు బనీనే తొడుక్కోండి. నైలాను, పాలియెస్టరు కరిగి ఒంటికి అతుక్కుంటాయి.

పొడిగాలిలో బట్టల రాపిడికి పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, ద్రావకాల ఆవిరి అంటుకోవడానికి. దీన్ని నివారించే బట్టలో సన్నని కార్బన్ లేదా ఉక్కు పోగులు నేసి ఉంటాయి. కాని ఆ విద్యుత్తు నేలలోకి దిగిపోవాలంటే తగిన పాదరక్షలు కూడా ఉండాలి. గుండీలన్నీ పెట్టుకోవాలి. ఆవిరి ఉన్న చోట చొక్కా విప్పకూడదు, పైన వేరొక చొక్కా తొడగకూడదు.

ఇక ఉతుకు సంగతి. కొవ్వునూనెలతో చేసిన సబ్బు బోరునీటి కాఠిన్యంతో కలిస్తే బట్టలో మడ్డిగా నిలిచిపోతుంది; ఆ మడ్డి మండుతుంది. కనుక డిటర్జెంటు పొడి వాడి, రెండు మూడు నీళ్లలో జాడించండి. బ్లీచింగు, గంజి, మెత్తదనానికి పోసే ద్రవాలు వద్దు. నూనె మరకలను నిలవ ఉంచవద్దు. వాటిని పోగొట్టడానికి కిరసనాయిలు అసలే వాడవద్దు. చిరిగితే అదే రకం బట్టతో, అదే రకం దారంతో అతుకు వేయించండి.

అగ్గిపెట్టెల పనివారికి ప్రత్యేకంగా ఒక మాట. 1930లలో న్యూజిలాండ్ రైతులు కలుపు మొక్కలపై సోడియం క్లోరేటు చల్లేవారు. ఆ ద్రావణం ఇంకి ఆరిన వారి పంట్లాములు వేడికో రాపిడికో భగ్గుమన్నాయి. మన అగ్గిపుల్ల తలలో ఉండే పొటాషియం క్లోరేటు ఆ జాతిదే. పెట్టె పక్కన పూసే ఎర్ర భాస్వరం దానితో కలిస్తే కొద్దిపాటి ఒరిపిడి చాలు. కనుక పక్కపూత పని చేసిన బట్టతో మందు కలిపే చోటికి వెళ్లకండి. పనిబట్టను పొడిగా దులపకండి, పొయ్యి దగ్గర వేలాడదీయకండి. పిల్లల బట్టలతో కలపకుండా, సమృద్ధిగా నీరు పోసి నానబెట్టి, విడిగా ఉతకండి.

సూచనల పలక కర్మాగారం గోడకు ఉంటుంది. బట్ట ఉతికేది మాత్రం ఇంట్లో తల్లో, భార్యో, చెల్లెలో. ఆమెకు ఈ సంగతులు ఎవరూ చెప్పరు. తెలియక వేసిన బ్లీచింగుపొడి వల్ల వేల రూపాయల బట్ట మామూలు బట్ట అయిపోవచ్చు. తొడుక్కొన్నవారికి ఆ సంగతి మంట తగిలేదాకా తెలియదు. కాబట్టి ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే ఆమెకు ఈ పుట చదివి వినిపించండి. మీరే ఉతుక్కొనేవారైతే మరీ మంచిది.

సెలవు.