ఈ నెల ఫెలోషిప్ పడిందా?



1913లో బాబాసాహెబ్ కొలంబియా చదువుకు బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చారు. గడువు తీరేసరికి 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావలసి వచ్చింది. మళ్లీ పోవడానికి మూడేళ్లు పట్టింది. అంతటివాడికే అట్లయితే మన పిల్లల సంగతేంది?

ఎస్సీ పరిశోధక విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ 2005లో మొదలైంది. ఇప్పుడు నెట్ పరీక్ష రాసి ఎంపిక కావాలి. 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు. మన వాడల్లో ఆ పైసలు పుస్తకాలతోనే ఆగవు. చెల్లె ఫీజు, అమ్మ మందులు, ఇంటి అప్పు, అన్నీ అందులోనే. ఒక నెల పడకుంటే ఇల్లంతా ఆగుతది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వేముల రోహిత్‌కు ఏడు నెలల ఫెలోషిప్ రావలసి ఉండె. 2016 జనవరి 17న ప్రాణం విడిచేముందు, ఆ లక్షా డెబ్బై ఐదు వేలు ఇంటివాళ్లకు అందేటట్టు చూడమని రాసిపోయాడు. ఆ ఉత్తరంలో లోకమంతా నక్షత్రాల మాట చదివింది. మనం ఆ లెక్క కూడా చదవాలె.

సంఘం పెద్దలకు చెప్తున్నం: పిల్ల యూనివర్సిటీకి పోయిందని దండ వేసి ఊకోకండి. నెలనెలా అడగండి, పైసలు పడ్డయా అని. పడకుంటే పదిమందిమి కలిసి రిజిస్ట్రార్ ఆఫీసుకు పోదాం. అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకునే బయటికి వద్దాం.