ఓడ తాడు - కలాసీ మాట



మన రుద్రంగికి సముద్రం లేదు. అయినా సముద్రం దాటి గల్ఫుకు పోయినవారు లేని వాడ మన దగ్గర అరుదు. అందుకని మనకంటె ముందు సముద్రం మీద బ్రతికిన కలాసీల పని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి తెరచాప ఓడలు పర్షియాకు, అరేబియాకు, బర్మాకు నడిచేవి. తర్వాత గోదావరి ముఖాన కోరంగిలో ఓడలు కట్టారు. ఓడను నడిపేది గాలి అంటాము గాని, ఆ గాలిని పనిలో పెట్టేది తాడు. మన దేశపు ఓడల్లో కొబ్బరి పీచు తాళ్ళు వాడేవారు. అవి ఉప్పునీటికి తొందరగా చివకవు. పేటలను ఒక దిక్కుకు పురిపెట్టి, మూడింటిని ఎదురు దిక్కుకు పేనితే తాడవుతుంది. పురికి పురి ఎదురు నిలుస్తుంది గనుకనే అది విడిపోదు.

బావి గిరక ఎరిగిన మనకు కప్పీ కొత్త కాదు. పైన కట్టిన కప్పీ లాగే దిక్కును మారుస్తుంది. బరువుతోపాటు కదిలే కప్పీ ఇంకొకటి పెడితే బలం సగం చాలు, తాడు మాత్రం రెండింతలు గుంజాలి. బరువైన లంగరును ఎత్తడానికి డెక్కు మీద నిలువు గుంజ ఉండేది. దాని తలలో కర్రలు దూర్చి, గానుగ తిప్పినట్టు మనుషులు చుట్టూ తిరిగేవారు.

పెద్ద ఓడల్లో అంచు కమ్మీకి వరుసగా మేకులుండేవి. గుంజిన తాడును మేకుకు 8 అంకె మాదిరి చుడతారే గాని ముడి వేయరు. తడిసిన ముడి బిగుసుకుంటుంది, గాలివానలో దాన్ని విప్పే వ్యవధి దొరకదు. మేకు పైకి లాగితే తాడు ఒక్కసారి వదులవుతుంది. మిగిలిన తాడును చుట్టగా చుట్టి తగిలించాలి. జారే తాడులో కాలు చిక్కితే ప్రాణానికే ముప్పు.

సారంగు, తండేలు, కలాసీ ఓడపనివారి పేర్లు. లంగరు పారసీ మాట, తెలుగులో కలిసిపోయింది. 1811లో థామస్ రోబక్ కలకత్తాలో ఇంగ్లీషు-హిందుస్తానీ నావిక నిఘంటువు అచ్చువేయించాడు. కలాసీ మాట రాకపోతే దొరకు ఓడ నడవదు మరి! ఇంత విలువైన పనివాడికి ఇంగ్లీషు ఓడల్లో తెల్ల నావికుని జీతంలో కొంత భాగమే దక్కేది. చదువు రాని కలాసీలు సారంగు మాట నమ్మి ఒప్పందం మీద వేలిముద్ర వేసేవారు.

ఇప్పుడు మన పిల్లవాడు ఏజెంటు చూపిన చోట సంతకం పెడితే తేడా ఏముంది? పోయే ముందు జీతం, పనిగంటలు, తిరుగు టికెట్టు రాసిన కాగితాన్ని ఉర్దూలోనో తెలుగులోనో చదివి చెప్పే ఏర్పాటు మన సొసైటీ చేయాలి. వారానికి ఒక సాయంత్రం మేము ఉపాధ్యాయులం వచ్చి కూర్చుంటాము. చేతిలో పని ఉన్నవాడికి కాగితం చదవడం కూడా రావాలి.