నెట్టు మధ్యలో నిలబడే అమ్మాయి



'ఆడపిల్ల – చదువు – ఆట' అన్న అంశం మీద మాట్లాడమన్నారు. గిరిజన బాలికల హాస్టళ్లలో పని చేసే మేము ఈ రోజు ఒక్క క్రీడాకారిణి గురించే చెప్పదలచుకున్నాం. ఆమె పేరు ఫోలుకే అకిన్రడేవో. అమెరికా వాలీబాల్ జట్టులో మిడిల్ బ్లాకర్‌గా ఆడింది. ఆమెది మన దేశం కాదు, మన భాష కాదు. అయినా ఆమె కాలేజీ రోజుల నుంచి మన పిల్లలు నేర్చుకోవలసింది ఉంది.

వాలీబాల్ మనకు కొత్త కాదు. రెండు కర్రలు పాతి, ఒక నెట్టు కడితే చాలు, సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. కానీ కొట్టే వాళ్లకు చప్పట్లు కొడతాం గానీ, నెట్టు మధ్యలో నిలబడే మనిషిని ఎవరూ పెద్దగా గమనించరు. ఆడవాళ్ల ఆటలో నెట్టు ఎత్తు 2.24 మీటర్లు. అవతలి సెట్టర్ చేతులు చూసి, బంతి ఎటు పోతుందో కనిపెట్టి, ఎడమకో కుడికో పరుగెత్తి, ఆ ఎత్తు మీదికి చేతులు లేపాలి. చాలాసార్లు బంతి ఆమెకు అందదు. తమ జట్టు కొట్టేటప్పుడు కూడా బంతి తనకే వస్తున్నట్టు ఎగరాలి. అవతలి బ్లాకర్ ఆమెతో పాటు ఎగిరితే, బంతి పక్కనున్న అమ్మాయికి పోతుంది. పాయింటు ఆ అమ్మాయి పేరున పడుతుంది. వెనక వరుసకు వెళ్లే వంతు రాగానే సాధారణంగా లిబరో లోపలికి వస్తుంది, మిడిల్ బ్లాకర్ బయట కూర్చుంటుంది. ఓర్పు లేనివాళ్లు చేయలేని పని ఇది.

ఫోలుకే 1987లో కెనడాలో పుట్టింది. తల్లిదండ్రులది నైజీరియా. పెరిగింది అమెరికాలోని ఫ్లోరిడాలో. మూడు దేశాల్లో దేని తరఫునైనా ఆడే హక్కు ఆమెకు ఉండేది. ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. 2005లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చేరింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థ ఆడ, మగ తేడా చూపకూడదని అమెరికాలో 1972లో 'టైటిల్ నైన్' అనే చట్టం వచ్చింది. కాలేజీల్లో ఆడపిల్లలకు జట్లు, కోచ్‌లు, స్కాలర్‌షిప్‌లు పెరగడానికి ఆ చట్టమే పెద్ద కారణం. ప్రతిభ ఒక్కటే చాలదు, దానికి తలుపు తెరిచే ఏర్పాటు కూడా ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఆమె చేరడానికి ముందు ఏడాది, 2004లో, స్టాన్‌ఫర్డ్ జాతీయ కాలేజీ చాంపియన్. ఆమె ఉన్నప్పుడు 2006లో ఫైనల్‌కు వెళ్లి నెబ్రాస్కా చేతిలో ఓడారు. 2007లో పెన్ స్టేట్ చేతిలో ఓడారు. 2008లో మళ్లీ పెన్ స్టేట్ చేతిలోనే ఓడారు. వరసగా మూడేళ్లు ఫైనల్, మూడేళ్లూ ఓటమి. స్టాన్‌ఫర్డ్ మళ్లీ గెలిచింది 2016లో. అంటే కప్పు ఆమె రాకముందు వచ్చింది, ఆమె వెళ్లిపోయాక వచ్చింది. ఆమె చేతికి మాత్రం రాలేదు.

ఆ నాలుగేళ్లు వృథా అయ్యాయా? కాలేదమ్మా. ఆమె హ్యూమన్ బయాలజీలో డిగ్రీ తీసుకుంది. ఒంటికాలి మీద ఎగిరి, నెట్టు వెంట జారుతున్నట్టు వెళ్లి కొట్టే స్లైడ్ షాట్‌కు పేరు తెచ్చుకుంది. జాతీయ జట్టులో నిలబడింది. స్విట్జర్లాండ్, అజర్‌బైజాన్, జపాన్ క్లబ్బుల్లో ఆడి, ఆటనే జీవనోపాధి చేసుకుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో రజతం, 2014లో ప్రపంచ చాంపియన్‌షిప్, 2016 రియోలో కాంస్యం వచ్చాయి. 2019లో తల్లి అయ్యింది. ఇక ఆట అయిపోయిందని చాలామంది అనుకునే సమయం అది. ఆమె తిరిగి కోర్టులోకి వచ్చింది. 2021 ఆగస్టులో టోక్యోలో బ్రెజిల్‌ను 3–0తో ఓడించి అమెరికా మహిళలు ఒలింపిక్ వాలీబాల్‌లో తొలిసారి స్వర్ణం గెలిచినప్పుడు, ఆ జట్టులో ఆమె ఉంది. అప్పుడామెకు 33 ఏళ్లు.

తల్లిదండ్రులకు మా మనవి ఇదే. మా హాస్టళ్లలో పొడుగ్గా ఎదిగిన పిల్ల సిగ్గుతో భుజాలు వంచి నడుస్తుంది. 'ఇంత పొడుగు పిల్లకు జోడీ ఎక్కడ దొరుకుతాడు' అన్న మాట ఎక్కడో విని ఉంటుంది. ఇంటర్ అవగానే సంబంధం చూస్తారు, బూట్లు మూలన పడతాయి. ఫోలుకే కాలేజీలో అడుగుపెట్టింది సరిగ్గా ఆ వయసులోనే. పద్దెనిమిదో ఏట ఆపేసి ఉంటే టోక్యో లేదు. ప్రతి పిల్లా ఒలింపిక్స్‌కు వెళ్తుందని మేము చెప్పడం లేదు. డిగ్రీ చదివే ఆ కొద్ది ఏళ్లు పిల్లను చదవనివ్వండి, ఆడనివ్వండి. డిగ్రీ ఎటూ చేతిలో ఉంటుంది. ఆట నేర్పిన ధైర్యం కూడా ఉంటుంది.

సంఘం పెద్దలకు ఒక మాట. పండగకు మగపిల్లల టోర్నమెంటు పెట్టినప్పుడు ఆడపిల్లలకూ ఒక కోర్టు గీయించండి. నెట్టు 2.24కే కట్టించండి. బహుమతి ఇద్దరికీ సమానంగా ఇవ్వండి.

అమ్మాయిలూ, భుజాలు నిటారుగా పెట్టి నడవండి. బంతి మీకు వచ్చినా రాకపోయినా ఎగరండి.