అఖాతమున కలరా జాడ

చైత్రమాసపు ఎండలో వాల్తేరు ఒడ్డున సముద్రస్నానము చేయువారికి ఒక్కొక్క దినమున నీరు అనుకొన్నదానికంటె చల్లగా తగులును. ఒడ్డున ఇసుక కాలుచుండగా నీరు చల్లబడుట యేమి? మాఘము దాటిన పిమ్మట మన తీరమున గాలి నైరృతి నుండి ఈశాన్యమునకు, ఒడ్డు వెంబడి వీచును. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచే, ఆ గాలి తోసిన పైనీరు సూటిగా పోక కుడివైపునకు ఒరగును. ఈశాన్యమునకు ముఖము పెట్టి నిలిచినవానికి కుడివైపున నున్నది నడిసముద్రమే కదా. పైనీరు అటు తొలగగా, ఆ చోటు నింపుటకు చల్లని, ఉప్పు హెచ్చైన నీరు అడుగునుండి లేచివచ్చును. ఆశ్వయుజ కార్తికములు వచ్చునప్పటికి తీరు మారును. ప్రవాహము దక్షిణమునకు మరలి, గంగా బ్రహ్మపుత్రల నీటిని, మహానది నీటిని మన గుమ్మము ముందుకు తెచ్చును. అప్పుడు సముద్రపు ఉప్పు తగ్గును.

ఈ సంగతులను కొలిచి తేల్చినవారిలో ముఖ్యులు ఆచార్య యూజీన్ లాఫాండ్. అమెరికాలో శాన్ డియాగో నగరపు నౌకాదళ పరిశోధనాలయమున పనిచేయుచుండిన ఆయన 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇచ్చటి విద్యార్థులకు సముద్రమును కొలుచు విద్య నేర్పిరి. ఆ దశాబ్దముననే జంతుశాస్త్ర శాఖలో ఆచార్య పి. ఎన్. గణపతిగారును, వారి శిష్యులును లాసన్స్ బే నీటిలో సన్నని వలలు లాగి, అందు చిక్కిన ప్లవకములను లెక్కించిరి. భూగర్భశాస్త్ర శాఖలో ఆచార్య సి. మహాదేవన్‌గారు సముద్రపు అడుగు బురదను పరీక్షించిరి. నీటి వేడిమి ఒకరిది, జీవులు ఒకరివి, బురద ఒకరిది. ఈ మూడింటికిని ఆసుపత్రి మంచముతో పొత్తు గలదని చెప్పినచో, ఆనాడు వినువారికి వింతగా తోచియుండును.

ఆ పొత్తు కలరా మూలమున బయటపడినది. మన ప్రాంతపు పల్లెలలో దీనిని మరిడి యనిరి; మరిడమ్మకు గుడులు కట్టి జాతరలు జరిపిరి. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో ఈ వ్యాధి క్రిమిని వేరుచేసి చూపిరి. 1959లో అదే నగరమున శంభునాథ్ డే, ఆ క్రిమి విడుచు విషమే పేగులలోనికి ఒంటినీటిని తోడివేయునని నిరూపించిరి. (ఆయనకు రావలసినంత పేరు రాలేదని మా అభిప్రాయము.) అయినను ఒక ప్రశ్న మిగిలియే యుండెను. ఒక ఋతువున ఊళ్లను ఊడ్చిపెట్టి, పిమ్మట నెలలకొలది కనబడక, మరుసటి యేడు మరల అదే వేళకు వచ్చు ఈ జాడ్యము నడుమకాలమున ఎక్కడ దాగును? రోగి నుండి రోగికి ప్రాకుటయే దాని బ్రతుకైనచో, రోగులు లేని నెలలలో అది నశింపవలెను గదా!

జవాబు నీటిలో దొరకినది. 1970 తరువాత అమెరికా శాస్త్రజ్ఞురాలు రీటా కాల్వెల్‌గారును, ఆమె సహచరులును మొదట చీసాపీక్ అఖాతమున, అటుపై బంగ్లాదేశ్ నదులలో, చెరువులలో వెదకి, కలరా క్రిమి మనిషితో పని లేకయే ఉప్పు కలిసిన నీటిలో సహజముగ జీవించునని చూపిరి. దాని వసతి కోపెపాడు అను చిన్న ప్రాణి. ఇది రొయ్యకు దూరపు చుట్టము; గసగస గింజంత యుండును. రొయ్య పెంకులోని కైటిన్ అను పదార్థమే దీని పెంకులోను గలదు. క్రిమి ఆ పెంకునకు అంటుకొని, దానినే ఆహారముగ చేసికొని, ఒక్కొక్క ప్రాణిపై వేలకొలదిగ పెరుగును. అడుగునీరు గాని, నదినీరు గాని ఎరువు తెచ్చినపుడు నీటిలో డయాటములు విస్తరించును. వానిని మేసి కోపెపాడులు, కోపెపాడులతోపాటు క్రిములు వృద్ధి పొందును. వెచ్చని నీరు, మితమైన ఉప్పు గల నదీముఖములు దీనికి పుట్టినిండ్లవంటివి.

బంగ్లాదేశ్ తీరమున సముద్రపు వేడిమికిని, నీటిమట్టమునకును, కలరా రోగుల సంఖ్యకును సంబంధము గలదని 2000లో ఉపగ్రహపు కొలతలనుబట్టి చూపిరి. అదే యేడు ఢాకాకు చెందిన 18 ఏండ్ల రోగుల లెక్కలను పరిశీలించినవారు, దూరపు పసిఫిక్ సముద్రమున పుట్టు ఎల్ నినోతో వాని హెచ్చుతగ్గులకు పొత్తు గలదనిరి. అయితే మన తీరమునకు ఈ లెక్క యథాతథముగ వర్తించునని తొందరపడి చెప్పరాదు. అచ్చట అంతయు డెల్టా. ఇచ్చట కొండలు సముద్రమును తాకుచున్నవి, వసంతమున నీరు చల్లబడుచున్నది. మన లెక్క మనమే కట్టుకొనవలెను. కట్టుకొనుటకు కారణమును గలదు. 1992లో అంతకుముందెన్నడు ఎరుగని కొత్త తెగ కలరా మద్రాసులో బయలుదేరి, కొన్ని మాసములలోనే కలకత్తాకును, బంగ్లాదేశ్‌కును ప్రాకినది. మన విశాఖపట్టణము ఆ దారికి నడుమ నున్నది.

18 ఏండ్లు ఆసుపత్రికి దీర్ఘకాలము, అఖాతమునకు రెప్పపాటు. కొలత సాధనములు పుట్టకముందటి సంగతిని బురద చెప్పవలసినదే. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ అను ఓడ మన దేశపు గ్యాస్ హైడ్రేటుల అన్వేషణకై వచ్చి, గోదావరి ముఖమునకు ఎదుట సముద్రగర్భము నుండి గొట్టములతో బురదను పైకి తీసినది. వెదకినది ఇంధనమును; దొరకినవానిలో చరిత్రయు గలదు. ఆ బురదలో ఇరువురు సాక్షులు. గోదావరి కొట్టుకొనివచ్చిన ఆకుల మైనపు పూత ఒకటి. అందలి కర్బనపు తీరునుబట్టి అది తడినేల చెట్లదియో, మెట్టనేల గడ్డిదియో తెలియును. రెండవది ఫొరామినిఫెరా అను సూక్ష్మజీవుల సున్నపు గుల్ల. దానిలోని ఆమ్లజని రకముల పాళ్లు నాటి నీటి ఉప్పును పట్టి ఇచ్చును. 2012లో ఫలితము ప్రకటింపబడినది. సుమారు 4,000 ఏండ్ల క్రిందటి నుండి 1,700 ఏండ్ల క్రిందటి వరకు గోదావరి పరీవాహమున ఎండకు ఓర్చు మొక్కలు క్రమముగ హెచ్చి, పిదప అవియే నిలిచినవి. గత 3,000 ఏండ్లలో అఖాతపు ఉప్పు అంతకుముందు లేనంతగా హెచ్చిన సందర్భములును గలవు. కలరా మాట ఆ బురదలో లేదు; మరిడి వచ్చిన యేడు ఏదో అది చెప్పదు. ఋతుపవనమును, అఖాతపు ఉప్పును ఎంత మేర ఊగగలవో మాత్రము చెప్పును. రేపటి అంచనాకు హద్దులు కావలెనన్న అచ్చటనే చూడవలెను.

విశాఖకు మరియొక చిక్కు గలదు. ఇది 1933 నుండి ఓడరేవు. ఖనిజము ఎత్తుకొనిపోవుటకు వచ్చు ఓడ ఉత్తచేతులతో రాదు. నిలకడకై సముద్రజలమును కడుపున నింపుకొని వచ్చి, సరకు ఎక్కునపుడు దానిని విడుచును. ఏ రేవున నింపినదో ఆ రేవు జీవులును వెంటవచ్చును. 1991లో పెరూలో మొదలైన కలరా లాటిన్ అమెరికా నంతటిని చుట్టిన రోజులలో, అమెరికా దక్షిణతీరమునకు వచ్చిన ఓడల నీటిలో ఆ క్రిమి కనబడినది. 2017 సెప్టెంబరు 8న అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికలో, ఓడ విడుచు నీటిలో 100 మిల్లీలీటర్లకు విషము పుట్టించు కలరా క్రిమి ఒకటికంటె తక్కువగ నుండవలెనను ప్రమాణము గలదు. నౌకల శాసనమున ఒక వ్యాధి క్రిమి పేరు ఎక్కుట మాకు ఆశ్చర్యమును, అంతకంటె ఎక్కువగ సంతోషమును కలిగించినది. మన లోపలి రేవు సంగతి చెప్పవలెనన్న, ఊరి మురుగును, కర్మాగారముల వ్యర్థజలమును చేరిన అడుగున మురికికి ఓర్చు కాపిటెల్లా అను పురుగు ప్రబలినదని గణపతిగారును, ఎ. వి. రామన్‌గారును 1970 దశకముననే చూపియుండిరి.

మహారాణిపేటలోని కింగ్ జార్జి ఆసుపత్రి 1923 నాటిది. విశ్వవిద్యాలయము 1926 నాటిది. ఏ వారమున ఎందరు భేదుల రోగులు ఆసుపత్రిలో చేరిరో, ఆ వారమున లాసన్స్ బే నీటి వేడిమి, ఉప్పు, కోపెపాడుల సంఖ్య ఎంతయో, ఈ రెండు వరుసలును ఒకే కాగితముపై ప్రక్కప్రక్కన, ఏండ్ల తరబడి ఎడతెగక సాగవలెనని మా కోరిక. ఇట్టి పనికి కొత్త యంత్రము కంటె మానని అలవాటు ముఖ్యము. ఒక్క యేడు విడిచినను వరుస తెగును. జాలరులకు గాలివానల సూచనలు చదివి వినిపించు మాకు, "వచ్చు మాసమున నదీముఖపు గ్రామములవారు నీటిని తప్పక మరగించుకొనవలెను" అని ముందుగ చదువు దినము ఎన్నడు వచ్చునో!

అంతవరకు గృహిణులకు రెండు మాటలు. పాత నూలుచీరను నాలుగు మడతలు పెట్టి నీరు వడపోసికొనుట బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతమున 65 గ్రామములలో పరీక్షించి చూచిరి. కలరా 48 శాతము తగ్గినదని 2003లో ప్రకటించిరి. క్రిమి చీర సందుకంటె ఎంతో చిన్నదే. కాని అది ఎక్కి కూర్చున్న కోపెపాడు చీరలో చిక్కును. కొత్తచీర అంతగా పనికిరాదు. పలుమారులు ఉతికిన నూలు పోగులే ఉబ్బి సందులను మూయును. ఒంటరిగా తిరుగు క్రిములు చీరను దాటిపోవును గనుక, వడపోసిన నీటినైనను మరగించియే త్రాగవలెను.

రెండవది, భేదులు పట్టినపుడు చేయవలసినది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని త్రాగించి, నూటికి 30కి చేరువగ నున్న మరణములను నాలుగుకు లోపుగ దింపిరి. ఇంట పొట్లము లేనపుడు, మరగించి చల్లార్చిన లీటరు నీటిలో చదునుగ కొలిచిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి, కొంచెము కొంచెముగ త్రాగించుచు రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఇచ్చుటకు ముందు రుచి చూడుడు. కన్నీటికంటె ఉప్పగ నుండరాదు.