తాళం తీసిన మహల్



హైదరాబాదులో హుస్సేన్ సాగర్ దగ్గర సైఫాబాద్ ప్యాలెస్ అనే మహల్ ఉండేది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888లో దాన్ని కట్టారు. ఆయన దాన్ని చూడబోతుంటే దారికి ఉడుము అడ్డం వచ్చిందనీ, అపశకునమని తలచి మహల్‌కు తాళం వేయించారనీ నగరంలో చెప్పుకుంటారు.

తరువాత నిజాం ప్రభుత్వం అందులో కార్యాలయాలు పెట్టింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అది సచివాలయంలో జి బ్లాక్ అయింది. దానికి 'సర్వహిత' అని పేరు. అంటే అందరి మేలు కోరేది. పాదుషా కోసం లేపిన గోడల మధ్య ప్రజల ఫైళ్లు నడిచాయి.

2020 జూలైలో పాత సచివాలయంతో పాటు ఆ మహల్‌నూ కూల్చేశారు. ఆవరణలోని రెండు మసీదులు, ఒక గుడి కూడా పోయాయి. కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. కొత్తగా కట్టిన మసీదులు, గుడి, వాటితో పాటు ఒక చర్చి అదే ఏడాది ఆగస్టులో తెరుచుకున్నాయి. మహల్ మాత్రం తిరిగి రాలేదు.

పిల్లలకు పాఠాలు చెప్పేవాడిగా నాకు తోచింది ఇదే: నిజాం కట్టించినదైనా రాయి శాశ్వతం కాదు. తలుపులు తెరిచి ఉన్నన్నాళ్లు జరిగిన మేలే మిగులుతుంది.

దాతలారా, మీరు కట్టించిన గదుల్లో ఏదైనా తాళం పడి ఉందేమో చూడండి. సాయంత్రం పూట పిల్లలు చదువుకోవడానికి దాన్ని తెరిపించండి.