440వ స్థానంలో ఒక మార్పు

తరగతిలో ఎవరైనా ఒక జీవి ‘బలమైనది’ అని రాస్తే ఒక మాస్టారు మార్కులు వేసేవారు కాదట. ‘దేనికంటే?’ అని అడిగేవారట. కరోనా వైరస్ గురించి ఈ పూట చెప్పదలచుకున్నదానికి ఆ ప్రశ్నే ఆధారం.

2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆస్పత్రుల్లో పడకలకీ ఆక్సిజన్‌కీ కటకట. సరిగ్గా అప్పుడే ‘ఏపీ స్ట్రెయిన్’ అన్న మాట పుట్టింది. కర్నూలులో బయటపడ్డ రకమట, 15 రెట్లు ప్రమాదమట అని టీవీలు హోరెత్తించాయి. మే 6న ఢిల్లీ ప్రభుత్వం, ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవారు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఉత్తర్వు కూడా ఇచ్చింది.

శాస్త్రవేత్తలు దాన్ని పిలిచే పేరు ఎన్440కె. వైరస్ పైన ముళ్లలా కనిపించే స్పైక్ ప్రోటీన్‌లో 1273 అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. వాటిలో 440వది ఆస్పరజీన్. దాని బదులు లైసీన్ వచ్చి చేరింది. సుమారు 30,000 అక్షరాల జన్యుక్రమంలో ఒక్క అక్షరం మారితే చాలు, ఇది జరిగిపోతుంది. మన కణాల మీది ఏసీఈ2 గ్రాహకాన్ని పట్టుకునే భాగంలోనే ఉంది ఈ స్థానం. కాబట్టి అనుమానించడంలో తప్పులేదు.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు దీన్ని మనిషి పేగు నుంచి వచ్చిన కాకో-2 కణాలలో పెంచి చూశారు. అంతకుముందు బాగా వ్యాపించిన ఎ2ఎ రకం కంటే ఇది పది రెట్లు ఎక్కువ వైరస్‌ను తయారుచేసింది. అంతగా వ్యాపించని ఎ3ఐ రకంతో పోలిస్తే వెయ్యి రెట్లకు పైనే. లెక్క సరైనదే. కానీ గాజు పళ్లెంలో పది రెట్లు పెరగడం వేరు, ఊళ్లో పది రెట్లు వ్యాపించడం వేరు, పది రెట్లు ఎక్కువమందిని చంపడం మరీ వేరు. పైగా పళ్లెంలో దాని పక్కన పెట్టినవి పాత రకాలు. ఊళ్లోకి అప్పటికే డెల్టా అనే కొత్త రకం దిగింది.

డెల్టా బలం మరో చోట ఉంది. స్పైక్‌ను మన కణాలలోని ఫ్యూరిన్ అనే ఎంజైమ్ రెండుగా కోస్తుంది. ఆ కోత పడితే వైరస్ కణంలోకి చొరబడటం తేలిక. డెల్టాలో 681వ స్థానంలో ప్రోలీన్ పోయి ఆర్జినీన్ వచ్చింది, దాంతో కోత మరింత సాఫీ అయింది. 452వ స్థానంలోనూ మార్పు ఉంది. స్పైక్ ఒక్కటే కాదు, జన్యుపదార్థాన్ని చుట్టి ఉంచే న్యూక్లియోకాప్సిడ్ ప్రోటీన్‌లో 203వ స్థానం మారడం కూడా దానికి కలిసొచ్చిందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. పత్రికలకు మాత్రం ఎప్పుడూ స్పైకే కథానాయకుడు! డెల్టా ముందు ఎన్440కె నిలవలేదు. భయం పుట్టేనాటికే దక్షిణాదిలో దాని వాటా తగ్గిపోతోంది.

అంతటితో కథ అయిపోయిందనుకున్నాం. 2021 నవంబర్‌లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్‌ను ప్రపంచం ముందు పెట్టారు. స్పైక్‌లోనే 30కి పైగా మార్పులు. ఆ జాబితాలో మన ఎన్440కె కూడా ఉంది!

ఓడిపోయిన మార్పు గెలిచే రకంలోకి ఎలా వచ్చింది? మనుషులు మారారు. 2021 జనవరి నాటి ఐసీఎంఆర్ సర్వేలో కరోనా యాంటీబాడీలు కనిపించింది దేశ జనాభాలో ఐదో వంతుకు కాస్త ఎక్కువమందిలో. అదే ఏడాది జూన్, జులై సర్వేలో 67.6 శాతం మందిలో. ఎన్440కె వైరస్‌ను కొన్ని రకాల యాంటీబాడీలకు చిక్కకుండా చేస్తుంది. యాంటీబాడీలే లేనివారు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ నేర్పుతో ఒరిగేది తక్కువ. ఎక్కువమందిలో అవి ఉన్నాక దానికి గిరాకీ వచ్చింది. ఒక్కటే వచ్చి ఉంటే ఏమయ్యేదో గానీ, ఒమిక్రాన్‌లో మిగతా మార్పులన్నీ తోడయ్యాయి.

2023 చివర్లో వచ్చిన జేఎన్.1 ఇంకా విచిత్రం. బీఏ.2.86 అనే రకం స్పైక్‌లో 455వ స్థానంలో ల్యూసీన్ పోయి సెరీన్ రావడంతో ఇది పుట్టింది. ఆ మార్పు వల్ల ఏసీఈ2ను పట్టుకునే పట్టు కాస్త సడలింది. మూడేళ్ల ముందైతే అలాంటి వైరస్ వెనకబడిపోయేదేమో. కానీ అదే మార్పు యాంటీబాడీల నుంచి మరింత బాగా తప్పించింది. కొద్ది వారాల్లోనే చాలా దేశాల్లో మిగతా రకాలన్నిటినీ పక్కకు నెట్టేసింది.